బెంగళూరు – శాన్‌ఫ్రాన్సిస్కో: టికెట్‌లో గంటలు వేరు, ఇంటి నుంచి గంటలు వేరు

రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి సుమారు 13,990 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం లాగి చూస్తే టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. సరిగ్గా ఉత్తర ధ్రువం మీదుగా పోయినా పెరిగేది 400 కిలోమీటర్ల లోపే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి నాన్‌స్టాప్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగానే వచ్చింది.

వెళ్లేటప్పుడు పసిఫిక్ మీద పైగాలి వెనక నుంచి తోస్తుంది, 16 గంటల చిల్లర పడుతుంది. వచ్చేటప్పుడు అదే దారి పడితే ఎదురుగాలి. అందుకే దారి మారుస్తారు, అయినా 17 గంటల పైమాటే. ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ సర్వీసు మధ్యలో ఆగి 2022 డిసెంబరులో మళ్లీ మొదలైంది కాబట్టి మీరు వెళ్లే నెలలో ఉందో లేదో ముందు చూసుకోండి.

గడియారం తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం 2కి ఎక్కితే అక్కడ దిగేది అదే తేదీ సాయంత్రం 6 ప్రాంతంలో. అక్కడ సోమవారం రాత్రి 9కి ఎక్కితే మాత్రం ఇక్కడ బుధవారం తెల్లవారుజాము. మంగళవారం లెక్కలోంచి ఎగిరిపోతుంది. సెలవు పెట్టేవాళ్లు తప్పేది ఇక్కడే.

నాన్‌స్టాప్ దొరక్కపోతే దుబాయ్ (మొత్తం సుమారు 15,700 కి.మీ.), ఫ్రాంక్‌ఫర్ట్ (సుమారు 16,550), సింగపూర్ (సుమారు 16,750) ఉన్నాయి. కిలోమీటర్లు చూస్తే దుబాయే నయం. కానీ అక్కడికి 4 గంటలే, ఆ తర్వాత ఒకే బిగిన 16 గంటలు కూర్చోవాలి. అంటే నాన్‌స్టాప్ కష్టం తగ్గదు, పైగా మధ్యలో ఒక దిగడం, ఎక్కడం. సింగపూర్ కథా అంతే, కాకపోతే మధ్యలో ఆగే చోటు హాయిగా ఉంటుంది. కాళ్లు వాచే పెద్దవాళ్లకు ఫ్రాంక్‌ఫర్టే మేలు: దాదాపు 10 గంటలు, 11 గంటలుగా సగం సగం విరుగుతుంది. వీల్‌చెయిర్ టికెట్ తీసేటప్పుడే రాయించాలి. గేటు దగ్గర అడిగితే ఆలస్యం.

షికాగోలోనో న్యూయార్క్‌లోనో మారే టికెట్ చవగ్గా కనిపిస్తే ఆగి చూడండి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించడం. మధ్యలో 3 గంటలైనా లేకపోతే తర్వాతి విమానం తప్పే ప్రమాదం ఉంది.

పెట్టెల్లో ఎక్కువగా చిక్కేది మన వంటింటి సరుకే. ఆవకాయ చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు, చెక్ఇన్‌లోనే వేయాలి. ఎండు కొబ్బరి, అందులోని నూనె వల్ల, మంట అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలో వద్దంటారు. పచ్చి కరివేపాకును అమెరికా కస్టమ్స్ రానివ్వదు. నిమ్మజాతి తోటలను పాడుచేసే పురుగు దాని మీద బతుకుతుంది.

బెంగళూరులో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. 3 గంటల ముందు అక్కడుండాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సాయంత్రం పూట దారికే 2 గంటలు పైన వేసుకోండి. అనంతపురం నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి దిగక్కర్లేదు, హైవే మీద దేవనహళ్లి దాటగానే ఎయిర్‌పోర్టు మలుపు. అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానమైతే తేదీని రెండుసార్లు చదవండి: 12వ తేదీ 2.30 అంటే 11వ తేదీ రాత్రి భోంచేసి ఇల్లు వదలాలి.