మూత లేని రిమోట్, మల్లెలతీర్థం మెట్ల పక్క పువ్వు

ఫోన్లో లాడ్జివాడు ఏసీ రూం 1,400 అన్నాడు. నల్లగొండ నుంచి మేం అచ్చంపేట చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. కౌంటర్ దగ్గర అది 1,800 అయింది. ‘శని, ఆదివారాలు రేటు వేరే సార్’ అన్నాడు. తొమ్మిదికి నల్లమల అడవి గేటు మూసేస్తారు, పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు బంద్. ఎటూ పోలేమని వాడికి తెలుసు. రిమోట్‌కు 500 డిపాజిట్ కట్టించుకున్నాడు. ఏసీ రాత్రంతా వేడి గాలే ఊదింది. బకెట్ వేడినీళ్లకు 40. పొద్దున డిపాజిట్‌లో 100 కోసేశాడు, రిమోట్‌కు వెనక మూత లేదట! రాత్రి ఇచ్చినప్పుడే లేదు మహానుభావా అంటే వినడు. రూంలోకి వెళ్లగానే రిమోట్‌తో సహా అన్నిటికీ ఫొటోలు తీసుకోండి.

ఇంత తిప్పలూ ఏనుగడుగు పువ్వు కోసం. ఎద్దునాలుక అని కూడా అంటారు. పొద్దుతిరుగుడు కుటుంబమే. మా ఎర్ర చల్కా నేలల్లో నాకెప్పుడూ కనబడలేదు, అడవి నీడల్లో బాగా పెరుగుతుంది. వేరు నేలలో ఏళ్లతరబడి బతికే ఉంటుంది, వానలకు ఆకు వేసి, అక్టోబరుకల్లా పూస్తుంది.

ఫరహాబాద్ సఫారీలో అడవి బాగుంది. పులి లేదు, పువ్వూ లేదు. జీపు దిగనివ్వరు, అది సబబే.

మల్లెలతీర్థం జలపాతం దగ్గర దిగేటివి మూడు వందల పైచిలుకు మెట్లు. సగం దిగాక మా ఆవిడ మోకాళ్లు పట్టుకుని ఒక రాయి మీద కూర్చుంది. ఆమె చెప్పు పక్కనే ఉంది ఆ పువ్వు! గరుకు ఆకులు నేలకు చాప పరిచినట్టు అతుక్కుని, మధ్యలోంచి జానెడున్నర కాడ. దాని చివర మూడు ఆకుల దొప్పలో లేత వంగపండు రంగు పూలు. ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి ఓ గుంపు. ఒక్కో చిన్న మొగ్గలో నాలుగేసి బుల్లి పూలుంటాయి.

“గీ గడ్డిపువ్వు కోసమా గింత దూరం పట్టుకొచ్చింది?” అంది. బామ్మర్ది నవ్వాపుకోలేక నీళ్ల సీసా జారవిడిచాడు. తెంపబోతే నేనే వద్దన్నాను. పులుల అడవిలో ఆకు కూడా ముట్టకూడదు.

మన్ననూరులో జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాం. ముగ్గురికీ 540. అడగకుండానే రెండోసారి పులుసు పోసింది ఆ పెద్దమ్మ. అక్కడికి మా ఆవిడ మొహం విచ్చుకుంది. వాళ్ల అక్కకు ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. మొదటిది పువ్వుది కాదు, రిమోట్‌ది.