మెదడు స్కాన్ ఫైళ్లను మార్చే డీసీఎం2నిక్స్: ఆరు నెలలు వాడి చూశాక

ఎమ్మారై తీయించుకున్నాక డయాగ్నస్టిక్ సెంటర్ వారు చేతికిచ్చే సీడీని కంప్యూటర్‌లో తెరిస్తే, చాలాసార్లు ఎక్స్‌టెన్షన్ కూడా లేని ఫైళ్లు వందల కొద్దీ వరుసగా కనిపిస్తాయి. అవి డైకామ్ ఫైళ్లు. 1993లో ఆ పేరుతో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం రోగి పేరు, యంత్రం వివరాలు, స్కాన్ తీసిన తీరు ప్రతి ఫైల్‌లోనూ ఉంటాయి కనుక ఆసుపత్రికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ మెదడుపై పరిశోధన చేసేవారు వాడే ఎఫ్‌ఎస్‌ఎల్, ఎస్‌పీఎం వంటి సాఫ్ట్‌వేర్లు పనిచేసేది నిఫ్టీ అనే మరో రూపంలోని ఫైళ్లతో. అందులో ఒక సిరీస్ (ఒకే విడతలో తీసిన బొమ్మల వరుస) మొత్తం, ఫైల్ మొదట్లో వివరాలుండే 348 బైట్ల హెడర్‌తో సహా, ఒకే ఫైల్‌లో ఇమిడిపోతుంది. డైకామ్ నుంచి నిఫ్టీకి మార్చడానికి గత ఆరు నెలలుగా నేను వాడుతున్న డీసీఎం2నిక్స్ అనే కమాండ్ లైన్ టూల్ గురించే ఈ సమీక్ష.

సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ రోర్డెన్ దీని ప్రధాన రూపకర్త. దీని వెనుక ఉన్న పద్ధతులను వివరించే వ్యాసం 2016లో జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్ మెథడ్స్‌లో వచ్చింది. టూల్ ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం. ఉబుంటులో ఆప్ట్ ద్వారా గానీ, పైథాన్ వాడేవారైతే పిప్ ద్వారా గానీ ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. సుమారు రెండు వందల స్లైస్‌లున్న (అడ్డుకోత బొమ్మలున్న) టీ1 అనే రకం ఎమ్మారై సిరీస్‌ను నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా కొన్ని సెకన్లలో మార్చి ఇస్తుంది. అయితే వేగాన్ని చూసి దీన్ని మెచ్చుకోవడం సరికాదనుకుంటాను. ఫైళ్లు మార్చే టూల్‌కు అసలు పరీక్ష, బొమ్మతో పాటు రావలసిన సమాచారాన్ని చెదరకుండా తెచ్చిందా లేదా అన్నదే.

అలా చెదరకుండా రావలసిన వాటిలో మొదటిది కుడి ఎడమల సంగతి. డైకామ్‌లో మొదటి అక్షం రోగి ఎడమ వైపుకు పెరుగుతుంది, నిఫ్టీలో కుడి వైపుకు. రెండో అక్షం డైకామ్‌లో తల వెనుకకు, నిఫ్టీలో ముందుకు పెరుగుతుంది. ఈ లెక్కలో ఎక్కడ పొరపాటు జరిగినా వచ్చే బొమ్మ చూడటానికి నిక్షేపంగానే ఉంటుంది, ఎందుకంటే మెదడు రెండు సగాలూ పైకి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకని నేను ప్రయోగశాలల్లో పాతకాలం నుంచి ఉన్న ఉపాయాన్నే పాటించి, నా కుడి కణతపై మందుల షాపులో కొన్న విటమిన్ ఇ మాత్రను టేపుతో అంటించుకుని స్కాన్ తీయించుకున్నాను. లోపల నూనె ఉండటం వల్ల ఆ మాత్ర టీ1 బొమ్మలో తెల్లని చుక్కలా మెరుస్తుంది. మార్చిన ఫైల్‌ను ఎఫ్‌ఎస్‌ఎల్‌తో వచ్చే ఎఫ్‌ఎస్‌ఎల్‌ఐస్ అనే వ్యూయర్‌లో తెరిచినప్పుడు ఆ చుక్క తెరపై ఎడమ వైపు కనబడేసరికి గుండె ఒక్కసారి ఝల్లుమన్న మాట నిజం. రేడియాలజిస్టుల అలవాటును అనుసరించి ఆ వ్యూయర్ రోగి కుడి భాగాన్ని తెర ఎడమన చూపుతుందని గుర్తొచ్చి, కర్సర్‌ను చుక్కపై పెట్టి కుడిని సూచించే ‘ఆర్’ అక్షరం అటువైపే ఉందని సరిచూసుకున్నాక గానీ మనసు కుదుటపడలేదు. టూల్ మాత్రం తప్పు చేయలేదు.

రెండోది, నిఫ్టీ హెడర్‌లో పట్టని సమాచారం. ప్రతి నిఫ్టీ ఫైల్‌తో పాటు ఈ టూల్ జేసన్ అనే రూపంలో ఒక టెక్స్ట్ ఫైల్‌ను కూడా రాసి, ఎకో టైమ్, రిపిటిషన్ టైమ్ అనే స్కాన్ అమరికలు, ఒక్కో స్లైస్‌ను ఏ క్షణంలో తీశారన్న పట్టిక వంటివి సెకన్లలో నమోదు చేస్తుంది. మెదడు పనిచేసే తీరును చూపే ఎఫ్‌ఎమ్మారై విశ్లేషణలో స్లైస్ టైమింగ్‌ను సవరించాలంటే ఆ పట్టిక తప్పనిసరి. మెదడులో నీటి కదలికను కొలిచే డిఫ్యూజన్ స్కాన్ అయితే, దానికి వాడిన అయస్కాంత గ్రేడియంట్ల ప్రభావ తీవ్రతను (బీ విలువలను), దిశలను బీవాల్, బీవెక్ అనే రెండు చిన్న ఫైళ్లలో విడిగా ఇస్తుంది. పరిశోధకులు డేటాను ఒకే పద్ధతిలో అమర్చుకోవడానికి 2016లో వెలువడిన బిడ్స్ ప్రమాణానికి ఈ జేసన్ ఫైళ్లు అనుగుణంగా ఉంటాయి. కొన్ని స్కానర్ల డైకామ్‌లలో స్లైస్ సమయాలు అసలే ఉండవు. అలాంటప్పుడు ఈ టూల్ ఊహించి ఏదో ఒకటి రాయదు, ఆ వివరాన్ని వదిలేస్తుంది. నాకు దీనిపై నమ్మకం కుదరడానికి ఇదే ముఖ్య కారణం.

ఇక నచ్చనివి. హెచ్చరికలు మామూలు సందేశాలతో కలిసి తెరపై పరుగెత్తిపోతాయి కనుక, యాభై మంది స్కాన్‌లను ఒకేసారి మార్చేవారు ఆ సందేశాలను తప్పకుండా ఒక ఫైల్‌లోకి మళ్లించి చదువుకోవాలి. ఫైల్‌ను కుదించమని ‘-జెడ్ వై’ అని మనమే చెప్పకపోతే కుదించదు. యంత్రాన్ని వంచి తీసిన సీటీ స్కాన్ ఇస్తే, చివర ‘టిల్ట్’ అని చేర్చిన అదనపు ఫైల్ ప్రత్యక్షమవుతుంది. అది వంపును సరిచేసిన ఫైల్ అని తెలియని కొత్తవారు దేన్ని వాడాలో తోచక తికమకపడతారు. గోప్యత విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జేసన్‌లోకి రోగి పేరు రాకుండా టూల్ దానంతట అదే చూసుకున్నా, ఫైల్ పేరులో ‘%ఎన్’ అని అడిగితే పేరును అక్కడ పెట్టేస్తుంది. టీ1 బొమ్మల నుంచి మనిషి ముఖాన్ని గుర్తుపట్టే వీలుంటుంది, ఆ ముఖాన్ని తొలగించే పనిని ఈ టూల్ అసలు చేయదు కనుక, టీ1 డేటాను బయటి వారికి ఇచ్చేముందు పైడీఫేస్ వంటి వేరే టూల్‌ను వాడాల్సిందే.

మిగతా టూల్స్‌కు వాటి పనులు వాటికున్నాయి. మెదడు బొమ్మలను విశ్లేషించే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఎమ్మారై‌_కన్వర్ట్ ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఎంజీజెడ్ రూపానికి మారడానికి సౌకర్యంగా ఉంటుంది. కానీ ‘కన్ఫార్మ్’ ఆప్షన్ ఇస్తే వోక్సెళ్లను (బొమ్మలోని చిన్న ఘనాలను) ఒక మిల్లీమీటరుకు మార్చి, విలువలను 0 నుంచి 255 లోపలికి కుదించేస్తుంది. అది తెలియక ఓసారి నేనే ఒక రోజు పని పాడుచేసుకున్నాను. డిఫ్యూజన్ స్కాన్‌ల విశ్లేషణకు వాడే ఎంఆర్‌ట్రిక్స్‌లోని ఎంఆర్‌కన్వర్ట్ గ్రేడియంట్ పట్టికను తన ఫైల్ హెడర్‌లోనే దాచుకుంటుంది కాబట్టి డిఫ్యూజన్ పనికి దాన్నే ఎంచుకుంటాను.

ఏ టూల్ వాడినా, మూలంలో లేనిదాన్ని అది తేలేదు. మాతో కలిసి పనిచేసే ఒక బృందం పంపిన పాత డేటాలో పదకొండు స్కాన్‌లు నిఫ్టీకి ముందు వాడుకలో ఉన్న ఎనలైజ్ అనే రూపంలో, ఒక్కోటి హెచ్‌డీఆర్, ఐఎంజీ అనే రెండేసి ఫైళ్లుగా వచ్చాయి. కుడి ఏదో ఎడమ ఏదో నమ్మకంగా చెప్పగల సమాచారం ఆ హెడర్లలో లేదు, డైకామ్ మూలాలను వారు ఎప్పుడో చెరిపేశారు, స్కాన్ రోజున ఎవరి కణతపైనా మాత్ర అంటించలేదు. వాటిని నిఫ్టీగా మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, కానీ ఆ పదకొండింటినీ విశ్లేషణ నుంచి తీసివేయక తప్పలేదు.