టీసాప్1738 సెన్సర్: ఆర్‌సీ కార్ల ల్యాప్ టైమింగ్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

టీవీ రిమోట్ సిగ్నల్ పట్టుకునే ఈ మూడు కాళ్ల సెన్సర్‌ని ఆర్డునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపితే, ఒక్కో చుట్టుకి కారు ఎంతసేపు తీసుకుందో చెప్పే ల్యాప్ టైమర్ తయారవుతుంది. కోనసీమలో మాసూళ్లయ్యాక ఖాళీగా పడుండే సిమెంటు కళ్లాల మీద రిమోట్‌తో నడిచే ఆర్‌సీ కార్లు తిప్పేవాళ్లకి ఇది చాలు.

ట్రాక్‌కి అడ్డంగా నిరంతరం 38 కిలోహెర్ట్జ్ (సెకనుకు 38 వేలసార్లు వెలిగి ఆరే) ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపి, అది తెగినప్పుడు లెక్కపెడదామంటే కుదరదు. ఆగకుండా వచ్చే సిగ్నల్‌ని ఈ సెన్సర్ గోలగా భావించి అణిచేస్తుంది. పైగా ఏ కారు దాటిందో తెలీదు. ఒక్కో కారులో ఏటీటైనీ85 అనే చిన్న కంట్రోలర్ చిప్ పెట్టి, పైకి చూసే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీతో విడివిడి కోడ్ పంపించాలి. సెన్సర్‌ని వెదురు కమానుకి కిందికి చూసేలా కట్టాలి.

కోడ్ పొడవు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, సెన్సర్ చూపు పడే 30 సెంటీమీటర్ల పట్టీని 27 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. అందుకే కోడ్, దాని తర్వాతి విరామం కలిపి 9 మిల్లీసెకన్లు దాటకూడదు. కనీసం రెండుసార్లు అందాలి. రెండు కార్లు పక్కపక్కనే వస్తే కోడ్‌లు కలిసిపోతాయి కాబట్టి, మధ్య విరామం ప్రతిసారీ మారుతుండాలి.

ఏటీటైనీ లోపలి గడియారం 10 శాతం దాకా తప్పొచ్చు. సరిచేయకపోతే 38 కిలోహెర్ట్జ్ కాస్తా 35 అయి, రేంజ్ పడిపోతుంది. సెన్సర్ సరఫరాకి 100 ఓమ్‌ల రెసిస్టర్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి అనుకోండి.

మధ్యాహ్నం సిమెంటు తళుకుకి సెన్సర్ తడబడుతుంది. నల్ల పైపు ముక్కలో 8 సెంటీమీటర్లు లోపలికి దించితే చాలా నయం. ఇక అంతర్వేది వైపు ఉప్పుగాలికి గుచ్చి కలిపే జంపర్ వైర్లు నిలవవు, సోల్డర్ చేసేయండి.