బొలేరో పికప్‌తో ఏడేళ్లు: మూడు బ్యాటరీలు, ఒక ఎర్త్ పట్టీ

2018 చివర్లో కొన్న బొలేరో పికప్ ఇది. బీఎస్4 బండి, మీటరు లక్షా తొంభై రెండు వేల కిలోమీటర్లు దాటింది. చుట్టుపక్కల పల్లెల నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాటా, సీజన్ లేనప్పుడు తిరుపతికి కూరగాయల బాడుగ, ముహూర్తాలుంటే పెళ్లి సామాను, ఇదీ దీని బతుకు. మైలేజీ ఎంత, లాగుడు ఎలా ఉంటుంది లాంటివి అందరూ రాస్తూనే ఉన్నారు, నేను వాటి జోలికి పోను. ఈ ఏడేళ్లలో నా డబ్బునీ నిద్రనీ ఎక్కువగా తిన్నది బ్యాటరీ. అందులో సగం తప్పు నాదే, అది కూడా చెప్తాను.

బండితో వచ్చిన మొదటి బ్యాటరీ మూడున్నరేళ్లు ఆడింది. ఇంకో ఏడాది వచ్చేదేమో, నేనే చంపాను. కొన్న కొత్తలో ముచ్చటపడి క్యాబిన్ చుట్టూ ఎల్ఈడీ పట్టీలు, సీటు వెనక పెద్ద సౌండ్ బాక్సు పెట్టించాను. ఆ వైరింగ్ చేసిన కుర్రాడు తాళం తీసినా పాటలు వచ్చేలా నేరుగా బ్యాటరీకే కలిపేశాడు. జూలైలో మార్కెట్ బయట అర్ధరాత్రి బండ్లు క్యూలో నిలబడిపోతాయి కదా, ఇంజన్ ఆపేసి మూడు నాలుగు గంటలు పాటలు వింటూ లైట్లు వేసుకుని కూర్చునేవాణ్ణి. పైగా బ్యాటరీలో నీళ్ల సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు. చివరికి మూతలు తీసి చూస్తే ఆరు సెల్లుల్లో రెండింటిలో ప్లేట్లు తేలి కనబడుతున్నాయి. అలా ఎండిపోయిన ప్లేటు తర్వాత నీళ్లు పోసినా మామూలు కాదు. పక్క షాపులో యాసిడ్ పోస్తే లేస్తుందన్నారు, అది కూడా చేశాను, చేయకూడదు. ఆవిరయ్యేది నీళ్లే గానీ యాసిడ్ కాదు, కాబట్టి పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. బాటిల్‌లో అమ్మే తాగే నీళ్లూ వద్దు, వాటిలో లవణాలుంటాయి.

రెండోది 2022లో టౌన్‌లో కొన్నాను. పేరున్న కంపెనీదే, పేరు రాయను, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. పధ్నాలుగు నెలలు బాగానే ఉంది, తర్వాత పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఒకసారి తీసుకునేది, ఇంకోసారి టక్ మని ఊరుకునేది. రెండోసారి మూడోసారి కొడితే స్టార్ట్ అయ్యేది కాబట్టి నేనూ నెట్టుకొచ్చాను. ఒకరోజు తెల్లవారుజామున బండి నిండా టమాటాతో తిరుపతి పోతూ భాకరాపేట ఘాట్‌లో ముందు లారీలు ఆగిపోతే ఇంజన్ ఆపాను. మళ్లీ తాళం తిప్పితే టక్, అంతే. హెడ్ లైట్లేమో ధగధగా వెలుగుతున్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది, నాకు మాత్రం అప్పుడు తట్టలేదు.

దిగుడు కాబట్టి సెకండ్ గేర్‌లో దొర్లించి స్టార్ట్ చేశాను. గొప్పగా చెప్పుకోవడానికి రాయట్లేదు, ఇంజన్ ఆడకపోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, లోడుతో ఘాట్‌లో ఆ పని ఎవరూ చేయొద్దు. చంద్రగిరి దాటేదాకా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

తిరుపతిలో ఒక ఎలక్ట్రీషియన్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వోల్టులు చూసే మీటరు కూడా పెట్టకుండానే "బ్యాటరీ పోయిందన్నా" అన్నాడు. సరుకు దించేశాను, మళ్లీ ఘాట్ ఎక్కాలి, రాత్రికి ఇంకో లోడు ఉంది, టెన్షన్‌లో ఆరు వేల పైచిలుకు పెట్టి మూడో బ్యాటరీ అక్కడే వేయించుకున్నాను. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకుండా వారంటీకని వెనక్కి తెచ్చాను. కొన్న షాపువాళ్లు రెండు రోజులు చార్జింగ్‌లో పెట్టి, లోడ్ టెస్టర్ పెట్టి చూసి, బ్యాటరీ బాగానే ఉంది, మార్చి ఇవ్వలేమన్నారు. నేను ఊరుకుంటానా, షాపు ముందే నిలబడి నానా మాటలూ అన్నాను. వారంటీ అంతా బూటకం, కార్డు ఇచ్చేటప్పుడు ఒక మాట, తీరా వచ్చాక ఇంకో మాట అని.

సరిగ్గా ఇరవై రోజులకు కొత్త బ్యాటరీతో కూడా అదే టక్.

అప్పుడు మా పక్క ఊళ్లో ట్రాక్టర్ల కరెంటు పని చేసే పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన చేసిందంతా పది నిమిషాల పని. ముందు బ్యాటరీ మీద మీటరు పెట్టాడు, 12.6 వోల్టులు, నిండు చార్జ్. నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. మంచి బ్యాటరీ అయినా ఆ క్షణంలో పదిన్నర పదకొండుకు దిగాలి, ఎందుకంటే డీజిల్ ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. నా బండిలో 12 దగ్గరే నిలబడింది. అంటే కావాల్సినంత కరెంటు బయటికి పోవడమే లేదు. తర్వాత మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. అక్కడ దాదాపు 4 వోల్టులు చూపించింది. అర వోల్టు కూడా దాటకూడదట.

దోషం ఇంజన్ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి పోయే ఎర్త్ పట్టీది. కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి అది. పైకి బానే ఉంది, బోల్టు బిగించే కొన, అదే లగ్గు దగ్గర వంచితే లోపల తీగలు పచ్చగా చిలుం పట్టి పొడిపొడిగా రాలిపోయాయి. లైట్లు ఛాసిస్ ఎర్త్ మీద ఆడతాయి కాబట్టి ధగధగా వెలిగాయి, సెల్ఫ్ ఇంజన్ ఎర్త్ మీద ఆడాలి కాబట్టి చచ్చుబడింది. బ్యాటరీ నిజంగా దిగిపోయి ఉంటే తాళం తిప్పగానే లైట్లు కూడా డిమ్ అయిపోతాయి. డైనమో నుంచి వచ్చే చార్జింగ్ కూడా ఆ పట్టీ మీదుగానే తిరగాలి, అందుకే ఇంజన్ ఆడుతుంటే బ్యాటరీ దగ్గర 13.2 మాత్రమే వస్తోంది. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద పెయింట్ గీకి ఇనుము కనబడేలా చేసి బిగించాక 14.2 వచ్చింది. పట్టీ, కూలి కలిపి నాలుగు వందలు.

అది ఎందుకు పాడైందంటే నా అనుమానం ఆయుధపూజ మీద. ప్రతి ఏటా దసరాకి వాటర్ సర్వీస్‌లో బానెట్ ఎత్తి ప్రెజర్ పంపుతో ఇంజన్ మొత్తం కడిగించేవాణ్ణి. బండికి బొట్లు పెట్టి నిమ్మకాయలు తొక్కించేలోపు ఆ నీళ్లు లగ్గుల్లోకి దిగి కూర్చునేవేమో. ఇప్పుడూ కడిగిస్తాను, బానెట్ మాత్రం దించి.

ఆ మీటరు చూశాక నేనూ ఒకటి కొనుక్కున్నాను, మూడు వందలది. బ్యాటరీ కొనే ముందు మీరూ అదే చేయండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున్నే చూడాలి, అప్పుడే నడిచొచ్చిన బండిలో లెక్క ఎక్కువ చూపిస్తుంది. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పావు వంతు, 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజన్ ఆడుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, తక్కువైతే బెల్టు, డైనమో, ఎర్తింగ్ చూడండి, పదిహేను దాటితే రెగ్యులేటర్ పోయి నీళ్లు ఉడికించేస్తోందన్నమాట. సీల్డ్ బ్యాటరీ మీద పచ్చ కన్ను ఉంటుంది చూడండి, దాన్ని పూర్తిగా నమ్మొద్దు, ఆరు సెల్లుల్లో అది చూసేది ఒక్కదాన్నే.

కొనేటప్పుడు ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) అంకె ఒక్కటే చూసి తెచ్చుకోకండి. ప్లస్ ఏ వైపు ఉందో కూడా కలవాలి, లేకపోతే కేబులు అందక లాగి బిగిస్తారు, అది ఊడడానికే. తయారైన నెల చూడండి, షాపులో ఏడాది నుంచి పడి ఉన్నది వద్దు. పసుపు బోర్డు బండికి వారంటీ ఎన్ని నెలలో కార్డు మీద వేరేగా ఉండొచ్చు, బిల్లు మీద బండి నంబరు రాయించుకోండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి, నా స్పానర్ మీద ఆ మచ్చ ఇంకా ఉంది. టెర్మినల్ మీద తెల్లగా పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాసెలిన్ పూయండి. వేసవిలో నెలకోసారి నీళ్లు చూస్తాను, మన ఎండలకు బ్యాటరీ త్వరగా పోతుంది.

మిగతా మెయింటెనెన్స్‌లో చెప్పుకోదగ్గ బాధ లేదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టరు నేను పదివేల కిలోమీటర్లకే మార్చేస్తాను, లోడుతో ఘాట్ ఎక్కే బండికి అంతకంటే ఆగబుద్ధి కాదు. ఎయిర్ ఫిల్టరు పొలాల దారుల దుమ్ముకి నెల తిరక్కుండానే నిండుతుంది, దులిపి వేస్తూ ఉంటాను. డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు దించే స్క్రూ ఉంటుంది, వానాకాలంలో మరిచిపోవద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు, వెనక కమాన్ల యూ బోల్టులు బిగింపు, ఇవి నెలనెలా. బండికి ఎనిమిదేళ్లు నిండితే ఇక ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి, అందుకని లైట్లు, వైపరు, హారన్ ఇప్పటినుంచే సరిచేసి పెట్టుకుంటున్నాను. ఎల్ఈడీ పట్టీలు పీకేశాను. సౌండ్ బాక్సు ఉంది, కానీ తాళం తిప్పితేనే ఆడేలా మార్పించాను.

ఇక ఆ రెండో బ్యాటరీ, షాపు ముందు నేను నానా రభస చేసినది. పాత సామానుకి వేయబోతుంటే మా బావమరిది ఊరికే పడేయడమెందుకని తీసుకెళ్లి ట్రాక్టర్‌కు పెట్టుకున్నాడు. ఈ సంక్రాంతికి వాళ్లింటికి పోతే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ చేసి, నా మొహం చూసి నవ్వాడు. ఆ షాపు ముందు నుంచి పోయేటప్పుడు నేను ఇప్పటికీ తల తిప్పుకునే పోతాను.