తిరుపతి, చిత్తూరు వైపు కారు రీమ్యాప్ చేయించేవాళ్లు ముందు ఇది చదవండి

పెట్రోల్ కారుకి ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో పెట్రోల్ ఎంత పోయాలో రాసి ఉండే లెక్కల్ని, అంటే మ్యాప్‌ని, మార్చడం) చేయించాలనుకుంటున్నవాళ్లకి ఒక మాట. ఫుల్ యాక్సిలరేటర్‌లో గాలి, పెట్రోల్ ఏ పాళ్లలో కలుస్తున్నాయో వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి చూపించని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి. పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అని చెప్పి తిరుపతిలో ఒక షాపువాళ్లు మా 2018 మోడల్ బీఎస్4 కారుకి చేసిన పనికి, ఇప్పుడు ఇంజన్ విప్పించుకుని కూర్చున్నాం.

షాపు పేరు రాయను. పని ఎలా చేశారో చెబుతాను, అలా చేసేవాళ్లు ఎదురైతే మీకే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ తగిలించి కొత్త మ్యాప్ ఎక్కించారు. తర్వాత షెడ్డులోనే, బండి న్యూట్రల్‌లో ఉంచి రేజ్ చేసి స్కానర్ చూపించారు. "చూడన్నా, ఆక్సిజన్ సెన్సర్ 0.9 వోల్టు చూపిస్తోంది. మిక్స్చర్ రిచ్‌గానే ఉంది, అంటే పెట్రోల్ బాగానే పడుతోంది, నువ్వేం టెన్షన్ పడొద్దు" అన్నాడు కుర్రాడు.

మోసమంతా ఆ 0.9లోనే ఉంది. మా కారులాంటి వాటిలో కంపెనీ బిగించిన సెన్సర్ న్యారోబ్యాండ్. ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి అనే గీతకి ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నంతవరకే అది చెప్పగలదు. గీత దాటి కొంచెం రిచ్ అయితే చాలు, 0.8, 0.9 వోల్టుల దగ్గర నిలబడిపోతుంది. మిక్స్చర్ 14 ఉన్నా, 12.5 ఉన్నా దాని రీడింగ్‌లో పెద్ద తేడా కనబడదు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ఫుల్ యాక్సిలరేటర్‌లో కావలసింది సుమారు 12.5 నుంచి 13. ఎక్కువ పడే ఆ కాస్త పెట్రోలే లోపలి వేడిని అదుపులో ఉంచుతుంది. పైగా న్యూట్రల్‌లో ఇంజన్ మీద లోడే ఉండదు. కొండ ఎక్కేటప్పుడు వాడుకునే మ్యాప్ భాగాన్ని షెడ్డులో అది ముట్టుకోనే లేదు.

బెంగళూరు రోడ్డులో అసలు సంగతి బయటపడింది. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం. మంచి ఎండాకాలం, ఏసీ ఆన్‌లో ఉంది, కారు నిండా ఇంటివాళ్లం. థర్డ్ గేర్‌లో పూర్తిగా తొక్కగానే ఇంజన్‌లోంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు శబ్దం. కాలు తీస్తే ఆగిపోతుంది, తొక్కితే మళ్లీ వస్తుంది. నాకింగ్ అంటే అదే, సిలిండర్ లోపల మిక్స్చర్ దానంతటదే పేలిపోవడం. షాపుకి ఫోన్ చేస్తే "పెట్రోల్ బాగాలేదేమో అన్నా, బంకు మార్చి చూడు" అన్నారు.

బెంగళూరులో తెలిసినవాళ్ల ద్వారా డైనో (బండిని రోలర్ల మీద లోడ్‌తో నడిపి చూసే మెషిన్) ఉన్న చోటికి తీసుకెళ్లి, సైలెన్సర్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టించి చూశాం. 4,000 ఆర్‌పీఎం పైన ఫుల్ యాక్సిలరేటర్‌లో ల్యాంబ్డా 0.99. (ల్యాంబ్డా అంటే మిక్స్చర్ ఆ గీతకి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె; సరిగ్గా గీత మీద ఉంటే 1, తగ్గినకొద్దీ రిచ్.) ఉండాల్సింది 0.85 నుంచి 0.88. మైలేజీ కోసమని సరిగ్గా అక్కడే పెట్రోల్ కోసేశారు! ఇందులో మైలేజీ ఎక్కడిది? మామూలుగా నడిపేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్‌ని చూసుకుంటూ 14.7 దగ్గరికే మిక్స్చర్‌ని సరిచేసుకుంటుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో మాత్రం ఇలాంటి కార్లలో సెన్సర్‌ని పక్కనపెట్టి మ్యాప్‌లో రాసిన లెక్క ప్రకారమే పోస్తుంది. మనం ఎప్పుడో ఒకసారి తొక్కే చోట పెట్రోల్ కోస్తే మిగిలేదేమీ ఉండదు, ఇంజన్ మాత్రం పోతుంది. దానికితోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ కలిసినకొద్దీ అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పోయాలి, వీళ్లు తగ్గించారు.

ప్లగ్గులు తీసి చూపించాడు మెకానిక్. మూడో సిలిండర్ ప్లగ్గు పింగాణీ సున్నంలా తెల్లబడి, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి మెరిసే చుక్కలున్నాయి. అది పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ దెబ్బకి పిస్టన్ అంచు చిట్లి, కరిగి, ప్లగ్గుకి అంటుకుంది. ప్లగ్గు రంధ్రంలోంచి కెమెరా పెడితే పిస్టన్ అంచు కొరికేసినట్టుంది. ఆ సిలిండర్‌లో కంప్రెషన్ కూడా పడిపోయింది. రీమ్యాప్‌కి తీసుకున్నది 15 వేలు, ఇంజన్ పనికి ఇచ్చిన ఎస్టిమేట్ 90 వేలు. పాత మ్యాప్ ఫైల్ ఇవ్వమంటే తమ దగ్గర లేదన్నారు.

కాబట్టి ఎవరి దగ్గరికెళ్లినా మీ ఒరిజినల్ ఫైల్ కాపీ ముందు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. డైనో మీదైనా, ఖాళీ రోడ్డులో లోడ్ మీదైనా ఫుల్ యాక్సిలరేటర్ ల్యాంబ్డా లాగ్, నాక్ లాగ్ (ఆ రీడింగుల రికార్డు, నాకింగ్ రికార్డు) రెండూ అడగండి. ల్యాంబ్డాలోనే అడగండి, అప్పుడు ఈ10 అయినా ఈ20 అయినా లెక్క మారదు. టర్బో కారైతే ఇంకాస్త రిచ్ కావాలి. రిచ్ ఎంతైతే అంత మంచిదనేవాళ్లనీ నమ్మొద్దు, మరీ ఎక్కువైతే పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది.

ఇప్పటికే ఇలా చేయించుకున్నవాళ్లుంటే, తిరుమల కొండకో బెంగళూరుకో ఫ్యామిలీతో బయల్దేరేముందు ప్లగ్గులు ఒకసారి తీయించి చూడండి. తెల్లటి పింగాణీ మీద మెరిసే చుక్కలు కనిపిస్తే బండి అక్కడే ఆపి, వైడ్‌బ్యాండ్ ఉన్న చోటికి టోయింగ్ చేయించండి. నడుపుకుంటూ వెళ్లకండి.