'ఏ స్టైల్‌కైనా పనికొస్తుంది' అంటూ అమ్మే సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ఆంప్‌లతో జాగ్రత్త

హై గెయిన్ ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడుస్తూ గిటార్ సౌండ్‌ను బాగా డిస్టార్ట్ చేసే ఆంప్లిఫైయర్) సెకండ్ హ్యాండ్‌లో కొందామని చూస్తున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో విదేశీ ఆంప్‌లు తెప్పించి అమ్మే ఒకాయన దగ్గర నేను అమెరికా నుంచి వచ్చిన 100 వాట్ల హెడ్ (స్పీకర్ లేకుండా ఆంప్ మాత్రమే ఉండే పెట్టె) కొన్నాను. ఆయన పేరు రాయడం లేదు. ఎలా అమ్మాడో మాత్రం అందరికీ తెలియాలి.

మేం వాయించేది ఏమిటో మొదటే చెప్పాను. డ్రాప్ ట్యూనింగ్ (లావు తీగను మామూలుకన్నా కిందికి శ్రుతి చేయడం), వేగంగా నడిచే పామ్ మ్యూట్ రిఫ్‌లు (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించే ముక్కలు). ప్రతి స్ట్రోకూ విడిగా తెగి వినపడాలి. "హై గెయిన్ అంటే హై గెయినే తమ్ముడూ, మెటల్‌కైనా బ్లూస్‌కైనా తిరుగుండదు" అని ఒక వీడియో పంపాడు. అందులో సౌండ్ నిజంగానే రాయిలా గట్టిగా ఉంది. తెచ్చుకుని గిటార్ నేరుగా పెట్టి వాయిస్తే, లావు తీగల మీద బాస్ అంతా ఉబ్బి ఒక స్ట్రోక్ ఇంకోదానిలో కలిసిపోతోంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, వీడియోలో ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్, నాయిస్ గేట్ (వాయించనప్పుడు వచ్చే రొదను ఆపేది) ఉన్నాయని.

పెడల్ పెట్టడం తప్పేం కాదు. ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచి ముందు పెడితే ఆంప్‌లోకి వెళ్లే బాస్ తగ్గి మిడ్స్ (మధ్యస్థాయి స్వరాలు) ముందుకొస్తాయి. మెటల్ వాయించేవాళ్లు ఎంతోమంది చేసే పనే. కానీ ఆ సౌండ్ మొత్తం ఆంప్‌దేనని చెప్పి అమ్మడం మోసం.

అసలు హై గెయిన్ ఆంప్‌లన్నీ ఒకటే అనే మాటే అబద్ధం. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం 800 మాస్టర్ వాల్యూమ్ హెడ్‌నే చూడండి. ఇప్పటి లెక్కలో దాని గెయిన్ తక్కువే. పాత హార్డ్ రాక్ వాయించేవాళ్లకు, గిటార్ వాల్యూమ్ తిప్పుతూ సౌండ్ మార్చుకునేవాళ్లకు అది హాయిగా ఉంటుంది, కానీ మాస్టర్ వాల్యూమ్ బాగా పెంచితేగానీ ప్రాణం రాదు. అపార్ట్‌మెంట్‌లో అది కుదిరే పని కాదు. 1987 నాటి సోల్డానో ఎస్ఎల్ఓ 100 సాగే లీడ్ నోట్లకు పేరు పడింది. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి పీవీ కంపెనీ తెచ్చిన 5150, ఆయన కంపెనీని వదిలాక 6505 అయింది. వేగమైన రిఫ్‌లకు మెటల్ బ్యాండ్లు దాన్నే పట్టుకున్నాయి. క్లీన్ సౌండే ముఖ్యమైతే మాత్రం దాని జోలికి పోకండి. మీసా బూగీ డ్యుయల్ రెక్టిఫైయర్‌ది లావైన బాస్. మెల్లగా, పెద్ద కార్డ్‌లు మోగనిచ్చే సంగీతానికి అది అందం. వేగమైన రిఫ్‌లకు ముందు పైన చెప్పినలాంటి పెడల్ పెట్టాల్సి వస్తుంది.

సౌండ్ సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. రెండో విషయం ప్రాణాల మీదికి తెచ్చేది. తీగలు ముట్టుకుంటే చేతికి జిల్లుమనేది. టెక్నీషియన్ చూస్తే, వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉన్నదాన్ని కప్పేస్తూ స్టిక్కర్ అంటించి ఉంది. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆంప్‌తో పాటు ఇచ్చిన, 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎర్త్ కనెక్షనే లేదు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఛాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) కలిసే ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో లోపం వస్తే ఆ కరెంటు నేరుగా మన చేతుల్లోకే. పైగా ఆ స్టెప్ డౌన్ చాలా చిన్నది. 100 వాట్ల ట్యూబ్ హెడ్ గోడలోంచి లాగేది 100 వాట్ల కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. స్టెప్ డౌన్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది.

ఇలాంటిది మీ దగ్గర ఉంటే ప్లగ్ తీసేయండి, కానీ మీరే విప్పకండి. స్విచ్ ఆపిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ ఆంప్‌లు తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.

డబ్బు వెనక్కి అడిగితే "సెకండ్ హ్యాండ్‌కు రిటర్న్ ఉండదు" అన్నాడు. స్టిక్కర్ గురించి జవాబే లేదు. ఆంప్ ఇప్పుడు టెక్నీషియన్ దగ్గరే ఉంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు కోసం ఆ వీడియో, చాట్, స్టిక్కర్ ఫొటోలు తీసి పెట్టుకున్నాను.

మీరైతే కొనే ముందే వెనక వోల్టేజీ రాసి ఉన్న చోటు, స్పీకర్ జాక్‌ల దగ్గర ఓమ్‌లు (ఆంప్‌కు తగిలించే స్పీకర్ ఎంత ఇంపెడెన్స్‌ది కావాలో చెప్పే అంకె) స్పష్టంగా కనిపించే ఫొటో అడగండి. మీ స్పీకర్ క్యాబినెట్ ఓమ్‌లు వాటికి సరిపోవాలి. ట్యూబ్ హెడ్‌ను స్పీకర్ లేకుండా ఆన్ చేసి చూపిస్తానంటే వద్దనండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. వీలైతే మీ గిటార్ తీసుకెళ్లి, మధ్యలో ఏ పెడల్ లేకుండా, మీరు రోజూ వాయించే రిఫ్‌నే వాయించి చూడండి. ఇంట్లో వాయించడానికి 50 వాట్లదైతే సద్దు సగమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 100కీ 50కీ తేడా 3 డెసిబెల్సే.