వియన్నా: విమానాశ్రయం నుంచి నగరంలోకి, ఆపై ట్రాముల్లో

వియన్నా విమానాశ్రయం నగరానికి ఆగ్నేయంగా, సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ష్వేహాట్ అనే ఊరి దగ్గర ఉంది. బయటకు రాగానే అందరికీ ముందుగా కనిపించేవి ఆకుపచ్చ రంగు సిటీ ఎయిర్‌పోర్ట్ ట్రైన్ ప్రకటనలే. అది ఎక్కడా ఆగకుండా 16 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కు చేరుస్తుంది. అయితే విమానాశ్రయం కింది స్టేషన్ నుంచే బయలుదేరే ఎస్ 7 లోకల్ రైలు కూడా దాదాపు 25 నిమిషాల్లో అదే వీన్ మిట్టెకు చేరుతుంది. దాని ఛార్జీ మొదటిదానిలో సగం కూడా ఉండదు. పైగా, నగర రవాణా పాస్ సిటీ ఎయిర్‌పోర్ట్ ట్రైన్‌లో చెల్లదు. కుటుంబమంతా కలిసి వెళ్లేవారు తొమ్మిది నిమిషాల కోసం అంత ఖర్చు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. ప్రధాన రైల్వే స్టేషన్ దగ్గర దిగేవారికి మాత్రం దూరప్రాంతాలకు వెళ్లే వేగవంతమైన రైలు రైల్‌జెట్ మేలు. అది పావుగంటలో అక్కడికి తీసుకువెళుతుంది.

టికెట్ విషయంలో ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. విమానాశ్రయం వియన్నా నగర టికెట్లు చెల్లే పరిధికి వెలుపల ఉంది కాబట్టి, నగర పాస్ చేతిలో ఉన్నా, ఎస్ 7లో గానీ రైల్‌జెట్‌లో గానీ ఆ కొద్ది దూరానికి అదనపు టికెట్ తీసుకోవాలి. మెట్రో స్టేషన్లలో మనకు అలవాటైన గేట్లు ఉండవు. కొన్న కాగితపు టికెట్‌పై సమయం ముద్రించి లేకపోతే, ప్రవేశం దగ్గరున్న చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్‌ను తనిఖీ సిబ్బంది టికెట్ లేనట్టే లెక్కిస్తారు. ప్రయాణికుడిని ఇంతగా నమ్మే ఏర్పాటు నాకెంతో నచ్చింది.

మేము వీన్ మిట్టెకు దగ్గరలో, లాండ్‌స్ట్రాస్సె ప్రాంతంలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాము. పాత నగరం నడిబొడ్డున గదుల అద్దెలు ఎక్కువ. ఇక్కడి నుంచి యు 3 మెట్రోలో రెండో స్టేషనే పాత నగరం నడిబొడ్డున ఉన్న స్టెఫాన్స్‌ప్లాట్స్ కూడలి, యు 4 ఎక్కితే రైలు మారకుండా షోన్‌బ్రున్ రాజప్రాసాదం. పెద్దవారు వెంట ఉన్నప్పుడు రైలు మారే పని తప్పడం ఎంత హాయో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోని కొన్ని దుకాణాలు తప్ప. కాబట్టి పాలు, పెరుగు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి.

నగరాన్ని చూడడానికి నేను ముందుగా చెప్పేది ట్రామ్. ఫ్రాన్జ్ జోసెఫ్ చక్రవర్తి 1857లో కోట గోడలు తొలగించమని ఆదేశించాక, ఆ స్థలంలో పాత నగరం చుట్టూ వేసిన విశాలమైన రహదారి రింగ్‌స్ట్రాస్సె (రింగ్) 1865లో ప్రారంభమైంది. ఒపేరా దగ్గర 1వ నంబరు ట్రామ్ ఎక్కి ష్వేడెన్‌ప్లాట్స్ వరకు కూర్చుంటే కళా చరిత్ర మ్యూజియం, పార్లమెంటు, నగర సభా భవనం, బుర్గ్ థియేటర్, విశ్వవిద్యాలయం వరుసగా కిటికీ ముందుకు వస్తాయి. ఒకే ట్రామ్ రింగ్ చుట్టూ పూర్తిగా తిరగదు. మిగిలిన భాగం కోసం ష్వేడెన్‌ప్లాట్స్‌లో 2వ నంబరుకు మారాలి. మామూలు పాస్‌తోనే ఇంతా చూడగలిగినప్పుడు ప్రత్యేక పర్యాటక బస్సుకు డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అదే పాస్‌తో యు 4 చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్ చేరి, అక్కడ 38ఎ బస్సు ఎక్కితే, ద్రాక్షతోటల మీదుగా కాలెన్‌బెర్గ్ కొండపైకి వెళ్లవచ్చు.

శుక్ర, శని రాత్రుల్లో మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది; మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోతుంది, ఆ తరువాత రాత్రి బస్సులే ఆధారం.